మన సముద్రంలో పొద్దు గుంకదు

ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే మన ఒడిశాలోని బోరిగుమ్మ, జయపురం, నవరంగపురం స్టూడియోల్లో ప్రీ వెడ్డింగ్ షూట్ మాటలు మొదలవుతాయి. పార్టీ వాళ్లు, అంటే పెళ్లివారు, ఫోన్‌లో ఎవరిదో రీలు చూపించి, "అన్నా, మాకూ ఇలాగే కావాలి. వైజాగ్ బీచ్‌లో సూర్యుడు సముద్రంలోకి దిగిపోతుండాలి, మబ్బులు పరిగెడుతుండాలి" అంటారు. వాళ్లు అడుగుతున్నది టైమ్‌లాప్స్. కొన్ని సెకన్లకొక ఫొటో చొప్పున గంటన్నర పాటు తీసి, అన్నిటినీ కలిపి అరనిమిషం వీడియోగా ఆడించడం. కొత్తగా కెమెరా పట్టిన కుర్రాడు అడ్వాన్సు తీసుకొని సరేనంటాడు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను.

అది ఏప్రిల్ నెల. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి విశాఖలో దిగాం. సాయంత్రం నాలుగున్నరకే ఆర్కే బీచ్‌లో స్టాండు వేసి, కెమెరా సముద్రం వైపు తిప్పి కూర్చున్నాను. ఐదున్నర దాటేసరికి ఇసుక మీద నా నీడ నీళ్ల వైపే సాగుతోంది. పెళ్లికూతురు కాబోయే అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, "అన్నా, సూర్యుడు మేడల వెనక ఉన్నాడు కదా" అంది. ఆ కుటుంబం నా మాట మీద బస్సు ఖర్చు, బస ఖర్చు పెట్టుకొని వచ్చింది. ఆ రోజు ఏదో తీసి ఇచ్చాను గాని, చెప్పింది ఇవ్వలేకపోయాను. ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ పరిస్థితి రాకూడదని నాకు తెలిసినంతా ఇక్కడ పెడుతున్నాను.

విశాఖ దగ్గర తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. సూర్యుడు గుంకేది పడమట. ఎండాకాలంలో సరిగ్గా పడమర కూడా కాదు, రోజురోజుకీ వాయవ్యం వైపు జరుగుతుంటాడు. మార్చి 21 ప్రాంతంలో దిక్సూచి మీద 270 డిగ్రీల దగ్గర, అంటే నిండు పడమట దిగుతాడు. ఏప్రిల్ నడిమికి 280, మే నడిమికి 290, జూన్ 21 నాటికి దాదాపు 295 దగ్గరికి వెళ్తాడు. చలికాలంలో నైరుతి వైపు జరిగినా 245 దగ్గరే ఆగిపోతాడు, అదీ నేల వైపే. ఏడాది పొడుగునా విశాఖలో పొద్దు గుంకేది ఊళ్ల మీద, కొండల మీద. పార్టీ చూపించిన రీలు గోవాదో గోకర్ణానిదో అయ్యుంటుంది. ఈ సంగతి మొదటి రోజే, అడ్వాన్సు చేతిలో పడక ముందే చెప్పండి. చెప్పినందుకు పార్టీ పోయిన అనుభవం నాకు లేదు. "మరి అక్కడ ఏం దొరుకుతుంది?" అనే అడిగారు.

నీళ్ల మీదే పొద్దు గుంకాలని పట్టుబడితే దారులు లేకపోలేదు. గోదావరి జిల్లాల్లో అంతర్వేది వశిష్ఠ గోదావరికి తూర్పు గట్టున ఉంది. అక్కడ నిలబడితే సాయంత్రం సూర్యుడు నది మీదుగా దిగుతాడు, పక్కనే సముద్రం. మన ఒడిశాలో చిల్కా ఉంది. అయితే ఏ గట్టున నిలబడ్డామన్నదే అక్కడ ముఖ్యం. బర్కుల్ పడమటి గట్టు, అక్కడ సరస్సు మీద దొరికేది ఉదయం. సూర్యాస్తమయం కావాలంటే తూర్పున ఉన్న సాతపడా వెళ్లాలి. అంత దూరం వద్దనుకుంటే కొరాపుట్ దగ్గర కోలాబ్ జలాశయమే ఉంది. చుట్టూ కొండలు, ముందు నీళ్లు. నా వరకు అది ఏ బీచ్‌కీ తీసిపోదు.

విశాఖే కావాలంటే? మా తాతల కాలంలో మన జయపురం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక విడిపోయాం. అయినా చదువుకీ సముద్రం చూడటానికీ మనవాళ్లు ఇప్పటికీ అటే దిగుతున్నారు, కాబట్టి పార్టీలు విశాఖే అడుగుతాయి. అక్కడ నేను మూడు రకాల షాట్లు తీస్తాను.

ఒకటి కైలాసగిరి పై నుంచి. సముద్రం పక్కనే ఉన్న ఆ కొండెక్కి పడమర వైపు చూస్తే ఊరంతా కింద పరుచుకొని, దాని వెనక సింహాచలం కొండల వరుస కనిపిస్తుంది. ఏప్రిల్ నడిమి రోజుల్లో సూర్యుడు దాదాపు సింహాచలం దిక్కునే దిగుతాడు. విశాఖలో సూర్యాస్తమయం ఏప్రిల్ నడుమ ఆరూ పదమూడు ప్రాంతంలో, మే నడుమ ఆరూ ఇరవై ప్రాంతంలో, జూన్ మూడో వారంలో ఆరున్నర దాటాక. ఈ లెక్క చదునైన దిగంతానికి. కొండ వెనక దిగే సూర్యుడు దీనికంటే ఐదారు నిమిషాల ముందే మాయమవుతాడు. ఫోన్‌లో టైము చూసుకొని ధీమాగా కూర్చుంటే అసలు ఘట్టం తప్పిపోతుంది.

రెండోది భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ సూర్యుణ్ణి తీయకండి, వెలుగును తీయండి. చివరి గంటలో ఎండ పడమర నుంచి దాదాపు అడ్డంగా వచ్చి పడుతుంది. దిబ్బల అంచులు ఎర్రగా మండుతుంటే గండ్లలో నీడలు నిండుతూ పైకి పాకుతాయి. కెమెరాను తూర్పుకో ఉత్తరానికో తిప్పి, పది సెకన్లకొక ఫొటో తీస్తే చాలు. దిబ్బల మీదికి మాత్రం ఎక్కొద్దు, పార్టీని ఎక్కించొద్దు. అవి వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. మన కాళ్ల కింద రాలింది మళ్లీ నిలబడదు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, చాలామంది వెనక్కి తిరిగి చూడకుండా వదిలేసేది. పొద్దు గుంకాక జనం పడమర చూస్తుంటారు. మీరు సముద్రం వైపు తిరగండి. తూర్పున నీళ్ల గీత మీద బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తుంది. దాని పైన గులాబి రంగు అంచు. ఆ నీలం మన భూమి నీడ, గాలి మీద పడ్డ నీడ. కంటికి కదిలినట్టే తెలియదు. టైమ్‌లాప్స్‌లో మాత్రం అది తెర ఎత్తినట్టు లేస్తుంది, గులాబి అంచు దాని ముందు పరిగెత్తి కరిగిపోతుంది. దీనికి అడ్డం లేని సముద్రపు గీత కావాలి. పడమటి తీరం వాళ్లకు సాయంత్రం పూట ఇది సముద్రం మీద దొరకదు.

పౌర్ణమి కుదిరితే ఇంకా గొప్ప. ఆ రోజు సూర్యుడు పడమట దిగే వేళకే చంద్రుడు తూర్పున లేస్తాడు, మన తీరంలో నేరుగా సముద్రం లోంచి. చైత్ర పౌర్ణమికో వైశాఖ పౌర్ణమికో తేదీ కుదుర్చుకోమని పార్టీకి నేనే చెబుతాను. పౌర్ణమి ముందు రోజు ఇంకా అనుకూలం. ఆ రోజు చంద్రుడు సుమారు ముప్పావు గంట ముందే లేస్తాడు కాబట్టి ఆకాశంలో వెలుగుంటుంది. చంద్రబింబం, అలలు, ముందు నిలబడ్డ జంట, మూడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో సర్దుకుంటాయి. చీకటి పడ్డాక చంద్రుడు తెల్లటి ముద్దైపోతాడు, జంట కనబడదు. ఎండాకాలపు నిండు చంద్రుడు తూర్పుకు కాస్త దక్షిణంగా లేస్తాడు, ఫ్రేములో ఆ వైపు ఖాళీ ఉంచండి. 200 ఎం.ఎం. లెన్సు వేస్తే అరగంట లోపే ఫ్రేము దాటిపోతాడు. మసక వల్ల నీళ్ల అంచు మీద కాకుండా కొంచెం పైకొచ్చాకే కనిపిస్తాడు కూడా. కనబడలేదని కంగారుపడి కెమెరా కదపకండి.

ఇక లెక్క. ఇది రాని వాడు ఎంత ఖరీదు కెమెరా పట్టినా లాభం లేదు.

వీడియోలో సెకనుకు 25 ఫొటోలు కావాలి. సూర్యబింబం వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ. మన దగ్గర ఒక డిగ్రీ దిగడానికి నాలుగు నిమిషాల పైచిలుకు పడుతుంది. కాబట్టి అంచు తాకిన దగ్గర్నుంచి పూర్తిగా మునిగేదాకా రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. ఐదు సెకన్లకొక ఫొటో తీస్తే ఆ ఘట్టానికి వచ్చేవి పాతిక ఫొటోలు, అంటే మీ వీడియోలో ఒక్క సెకను! పార్టీ రెప్ప వేసేలోగా అయిపోతుంది. సూర్యబింబమే కథ అనుకుంటే రెండు సెకన్లకొకటి తీయాలి. మబ్బులు వేగంగా కదులుతుంటే మూడు, మామూలుగా ఉంటే ఐదారు, నీడలకు పది నుంచి పదిహేను. గంటన్నర పాటు ఆరు సెకన్లకొకటి తీస్తే 900 ఫొటోలు, 36 సెకన్ల వీడియో. రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 22 జీబీ దాటుతుంది. ముందే ఖాళీ చేసిన 64 జీబీ కార్డు పెట్టుకోండి. బయలుదేరే ముందు రాత్రి ఈ లెక్కంతా కాగితం మీద వేసుకొని జేబులో పెట్టుకోవడం నా అలవాటు.

ఎక్కువమంది తప్పేది పొద్దు గుంకిన తర్వాత. యూట్యూబ్‌లో ఈ పని నేర్పేవాళ్లలో చాలామంది చల్లని దేశాల వాళ్లు. లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు దిగాక ముప్పావు గంట పాటు వెలుగు ఉంటుంది. మన దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు, ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు నిమిషాల్లో మసక చీకటి అయిపోతుంది. ఆ కొద్ది సమయంలో వెలుగు దాదాపు ఏడు స్టాప్‌లు పడిపోతుంది (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది), అంటే మూడు నిమిషాలకొక స్టాప్. కెమెరా చక్రం ఒక క్లిక్కు తిప్పితే స్టాప్‌లో మూడో వంతు. అందుకని పొద్దు గుంకిన నిమిషం నుంచి నిమిషానికి ఒక క్లిక్కు, ఇదే నా లెక్క. రెండు ఫొటోల మధ్య ఖాళీలో, వేలి కొసతో, స్టాండు కదలకుండా తిప్పాలి. ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టి సూర్యుడు దిగే వేళకు సెకనులో అరవయ్యో వంతు దగ్గర మొదలైతే, చీకటి పడేసరికి షట్టరు రెండు సెకన్లకు చేరుతుంది. ఆరు సెకన్ల గ్యాపులో అది హాయిగా ఇముడుతుంది. గ్యాపు రెండు సెకన్లే ఉంటే షట్టరు ఒక సెకను దాటకముందే ఐఎస్ఓ పెంచడం మొదలుపెట్టాలి.

మిగతావన్నీ బిగించేయండి. మాన్యువల్ మోడ్, మాన్యువల్ ఫోకస్, లెన్సులోని స్టెబిలైజర్ ఆఫ్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే సూర్యుడి ఎరుపును కెమెరా తప్పనుకొని సరిచేయబోతుంది, అందుకని డేలైట్ గుర్తు మీద పెట్టండి. క్లిక్కుల వల్ల వచ్చే మెట్లు, మిణుకులు తర్వాత ఎల్‌ఆర్‌టైమ్‌లాప్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నున్నగా అవుతాయి. అలల విషయం ఇంకొకటి. పగటి వెలుగులో చిన్న షట్టరుతో తీస్తే అలలు చీమలు పట్టినట్టు వణుకుతాయి. వెలుగు తగ్గించే ఆరు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టరు తగిలించి షట్టరును అర సెకనుకో సెకనుకో తెచ్చుకుంటే నీళ్లు పాల మీగడలా కదులుతాయి. ఫిల్టరు ఉన్నా సరే, అద్దపు వ్యూఫైండర్లోంచి సూర్యుణ్ణి చూడొద్దు. కన్ను పోతుంది. స్క్రీన్ మీదే చూసుకోండి. షూట్ మొదలయ్యేదాకా పెద్ద లెన్సును సూర్యుడికి ఎదురుగా తెరిచి ఉంచొద్దు, సెన్సారు కాలిపోతుంది.

కెమెరా లేదు, ఫోనే ఉందంటే కూడా మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయగలిగే యాప్ ఉండాలి, ఫోను కదలని చోట బిగించాలి. మే నెల ఎండలో ఫోను వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది కాబట్టి వెనకవైపు నీడ పడేలా గొడుగు పట్టండి.

సముద్రం దగ్గరికి వెళ్లేముందు ఇక్కడే ఒక వారం సాధన చేయమంటాను. దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ దాదాపు మన బోరిగుమ్మ మీదుగానే పోతుంది. ఎండాకాలంలో మనకు విశాఖ కంటే నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా పొద్దు గుంకుతుంది, అంతే తేడా. వెలుగు తగ్గే తీరు ఒకటే. సాయంత్రం షాపు కట్టేసి చెరువు గట్టు మీదో, కోటపాడు రోడ్డు పక్క పొలాల్లోనో స్టాండు వేసుకోండి. సూర్యుడికీ దిగంతానికీ మధ్య చెయ్యి చాచి వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. ఒక్కో వేలు దాదాపు రెండు డిగ్రీలు, ఎనిమిది తొమ్మిది నిమిషాలు. నాలుగు వేళ్లు పట్టాయంటే ఇంకా అరగంట పైనే ఉందని. క్లిక్కు తిప్పే చెయ్యికి అలవాటు వచ్చేది ఇలాంటి సాయంత్రాల్లోనే, పార్టీ పక్కన నిలబడి చూస్తున్నప్పుడు కాదు.

పీఠభూమి మీద మనది పొడి ఎండ, సముద్రపు ఒడ్డున ఉక్క. ఏసీ గదిలోంచి కెమెరా తీసుకొని నేరుగా బీచ్‌కి వెళ్తే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. గంట ముందే బ్యాగుతో సహా బయట వరండాలో పెట్టి, జిప్పు తీయకుండా వేడెక్కనివ్వండి. ఒడ్డున గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. పావుగంటకోసారి లెన్సు మీద టార్చి వేసి చూసి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇసుకలో స్టాండు కాళ్లు మెల్లగా దిగిపోతాయి, కంటికి తెలియదు గాని వీడియోలో దిగంతం వాలిపోతుంది. కాళ్ల కింద పలక రాళ్లు పెట్టి, నడుమ సంచి వేలాడదీయండి. తడి ఇసుక గీతకు బాగా పైనే వేయండి. పోటు వేళలు, అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇస్తుంది, చూసుకొని వెళ్లండి.

వేసవి మధ్యాహ్నాల తర్వాత ఉరుముల మబ్బు కమ్మడం మనకు తెలిసిందే. దూరంగా మెరుస్తున్న మబ్బు టైమ్‌లాప్స్‌లో అద్భుతంగా ఉంటుంది. ఉరుము వినబడేంత దగ్గరికొస్తే మాత్రం చదునైన ఒడ్డున ఇనుప స్టాండు పక్కన మనిషి నిలబడకూడదు. పిడుగుల సమాచారానికి దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. కెమెరా తడిస్తే తడవనీ, ముందు మీరు లోపలికి వెళ్లండి. పార్టీని అలల్లోకి నడిపించి తీయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆర్కే బీచ్‌లో, యారాడలో లోపలికి గుంజే ప్రవాహాలు మనుషుల్ని తీసుకుపోయాయి. మోకాలు తడవని చోట నిలబెట్టినా బొమ్మ బాగానే వస్తుంది.

డ్రోను సంగతి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం రెడ్ జోన్లో ఎగరాలంటే కేంద్రం అనుమతి కావాలి. డిజిటల్ స్కై మ్యాపులో చూడకుండా బ్యాగులోంచి తీయొద్దు. ఓడరేవు, నౌకాదళం ఉన్న వైపు పెద్ద లెన్సు తిప్పి గంటన్నర కూర్చోవడం కూడా మంచిది కాదు. ఎవరైనా వచ్చి అడిగితే గుర్తింపు కార్డు చూపించి మర్యాదగా చెప్పండి, కదలమంటే కదిలిపోండి.

డబ్బు గురించి మనవాళ్లు మొహమాటపడతారు. పది సెకన్ల క్లిప్పుకు ఇంతా అని పార్టీ అంటే నోరు మెదపరు. ఆ పది సెకన్ల వెనక రెండు రోజుల ప్రయాణం, బస, తిండి, మూడు గంటలు నిలబడటం, మరో పూట కంప్యూటర్ పని ఉన్నాయని విడివిడిగా కాగితం మీద రాసి చూపించండి. మబ్బు పట్టేస్తే ఏమిటన్నది ముందే రాసుకోండి. నేను ఒక అదనపు సాయంత్రం ఖర్చు కలిపే ధర చెబుతాను, మొదటి రోజే పని బాగా అయితే ఆ ఖర్చు వదిలేస్తాను. మబ్బు పట్టిన సాయంత్రం ఒక్కోసారి ఖాళీ ఆకాశం కంటే మంచి రంగు ఇస్తుందని కూడా చెప్పాలి. ఇంకొక మాట, తోడు ఒక మనిషిని తీసుకెళ్లండి, అతనికి కూలి ఇవ్వండి. ఒక కెమెరా పడమట కొండలకీ ఇంకొకటి తూర్పున సముద్రానికీ పెడితే ఒక్కడు చూసుకోలేడు. నేర్చుకుంటున్నాడు కదా అని ఊరికే తిప్పుకోవడం న్యాయం కాదు.

సూర్యుడు దిగగానే జనం లేచి ఇసుక దులుపుకుంటారు, పార్టీ కూడా "అయిపోయింది కదా అన్నా" అంటుంది. ఇంకో అరగంట ఆగమనండి. బీచ్ రోడ్డు దీపాలు ఒక్కొక్కటే వెలిగేది, ఆకాశం ముదురు నీలమయ్యేది, దూరంగా లంగరేసిన ఓడల మీద చుక్కల్లా దీపాలు కనిపించేది అప్పుడే.

తర్వాత గదికి చేరి, అన్నం కంటే ముందు కార్డును రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించండి. బక్కెట్టు మంచినీళ్లలో స్టాండు కాళ్లు విప్పి కడిగి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు తిని వారంలో బిగుసుకుపోతాయి. అలసిపోయిన కళ్లతో ఆ రాత్రే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కకండి. తెల్లవారుజామున బయలుదేరితే పొట్టంగి దాటేసరికి ఎండ ఎక్కుతుంది, మధ్యాహ్నం భోజనానికి బోరిగుమ్మలో ఉంటారు.